గణకుడి మేనత్త

ముందు పోయినవాటి లెక్క రాస్తాను.

మా ఊరి ఓటర్ల జాబితాలోంచి కొట్టేసిన ఆడవాళ్ళు నూట నలభై ముగ్గురు. వాళ్ళలో ‘ఫలానావాడి తల్లి’ అని రాసి ఉన్నవాళ్ళు అరవై నలుగురు. ‘ఫలానావారి భార్య’ నలభై ఒక్కరు. ‘ఫలానావారి పెద్దకోడలు, చిన్నకోడలు’ ఇరవై ఇద్దరు. ‘ఫలానావారి అక్క, చెల్లెలు’ పదిహేను మంది. ‘గణకుడి మేనత్త’ ఒకరు. కూడి చూసుకోవచ్చు, సరిపోతుంది. భార్యలు నలభై ఒక్కరిలో ఇరవై ఆరుగురి భర్తలు అప్పటికే కాలం చేశారు. అంటే చచ్చిపోయినవాడి పేరు కాగితం మీద ఉంది, బతికున్నదాని పేరు లేదు.

ఇవికాక నా సొంతానికి పోయినవి: అమలాపురానికి ఆరు ప్రయాణాలు, మూడో ప్రయాణంలో ఒక గొడుగు, లెక్కలో నేను పొరపాటు చెయ్యనని ఊళ్ళో ఉన్న నమ్మకం.

ఇలాంటిది దేశంలో చాలాచోట్ల, ముఖ్యంగా ఉత్తరాదిన, పెద్ద ఎత్తున జరిగిందని తరువాత పేపర్లో చదివాను. ఆ పెద్ద లెక్కలో మా ఊరి నూట నలభై ముగ్గురూ ఎక్కడా కనపడరు. అందుకే నేను రాయవలసి వచ్చింది. ఇంకొక కారణం, ఆ జాబితా రాసిన గణకుణ్ణి నేనే.

ఆ రోజుల్లో నేను కొత్తపేట దగ్గర మా ఊళ్ళో ఒక షావుకారు కొబ్బరి కొట్లో గుమాస్తాని. బడికి వెళ్ళింది మూడేళ్ళు. తక్కిన చదువంతా కాయల రాశి పక్కనే. కూడికలు, తీసివేతలు కొబ్బరికాయల మీద వచ్చాయి. భాగహారం అన్నదమ్ముల వాటా తగువుల్లో వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఒక పాత నిఘంటువు ముందు పెట్టుకుని, మాటకొక పుట చొప్పున తిప్పుకుంటూ నేర్చుకున్నాను.

మా కొట్లో లెక్కపెట్టేటప్పుడు ఒకటిని ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ధాన్యం కొలిచేవాళ్ళ నుంచి మాకు వచ్చిన ఆచారం, మొదలు శుభంగా ఉండాలని. వంద పూర్తయ్యాక పైన కొసరు వెయ్యాలి. కుళ్ళూ చచ్చూ పోను కొన్నవాడికి నష్టం రాకుండా అమ్మినవాడు అదనంగా ఇచ్చే కాయలు కొసరు. ఎన్ని ఇవ్వాలన్నది ఎక్కడా రాసి లేదు. మా షావుకారు పద్ధతిలో పెద్ద రైతుకి వందకి రెండు, చిన్న రైతుకి నాలుగు, వెనక మగదిక్కు లేని ఆడమనిషికి ఏడు. దిక్కులేని చెట్లకి కుళ్ళుకాయలు ఎక్కువ కాస్తాయని ఆయన నిజంగానే నమ్మేవాడు. ఆ ఏడూ లెక్కపెట్టి తీసేవాణ్ణి నేను.

ఏడు ఇచ్చేవాళ్ళలో మా మేనత్త ఒకావిడ. మా అమ్మ నా మూడో ఏట పోతే నన్ను పెంచింది ఆవిడే. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ముప్ఫై ఎనిమిది కొబ్బరిచెట్ల ఫలసాయం ఆవిడ భుక్తి. అక్షరం రాదు. లెక్కంతా కొబ్బరితాడు మీద. ఎవరైనా ఆవిడకి ఏదైనా ఇవ్వాల్సి ఉంటే తాడుకి ఒక ముడి వేసేది, ఇచ్చేశాక విప్పేసేది. వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఆ తాడు వేలాడుతూ ఉండేది. లాభం, రెండు అనడం నేను మొదట నేర్చుకున్నది కొట్లో కాదు, ఆ ముళ్ళ మీద.

“మునసబుగారి కాయలకి రెండూ, నా కాయలకి ఏడూనా? నా చెట్లేం పాపం చేసేయిరా?” అని ఆవిడ కాయలు దింపించిన ప్రతిసారీ అడిగేది.

“కొసరు చెట్టుని బట్టి కాదత్తయ్యా, మనిషిని బట్టి.”

“అలాగా. అయితే కాయలెందుకు, మనిషినే తూచుకోమను మీ షావుకార్ని.”

ఆ కొసరుకి కూడా ముడి వేస్తానందోసారి. అది బాకీ కాదు, ఆచారం అని చెప్పి నేనే ఆపాను. అప్పట్లో నేను ఆచారానికీ బాకీకీ తేడా తెలిసినవాణ్ణి.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు కాబోలు, ఒకనాడు కరణంగారు నన్ను పిలిపించారు. “నీకు లెక్కలొచ్చు, దస్తూరీ బావుంటుంది. ఊరందరికీ ఓటరు జాబితా రాయాలిట. నువ్వు రాసిపెట్టు. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళూ అందులో ఉండాలిట.”

“శిస్తు కట్టనివాళ్ళు కూడానా అండీ?”

“ఆయ్.”

“ఆడవాళ్ళు కూడానా అండీ?”

“ఆయ్. రాసెయ్. పైవాళ్ళకేం పోయింది, కాగితం వాళ్ళది, శ్రమ మనది.”

జాబితాలో మనిషికొక గీత, కూలి గీతకి ఇంతని. మగవాడి గీతకీ ఆడదాని గీతకీ, పేరున్న గీతకీ పేరు లేని గీతకీ ఒకటే రేటు. సమానత్వం అనే వస్తువుని నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఇళ్ళకి నంబర్లు లేవు. ఎర్రజాజు కలుపుకుని, కొబ్బరి పీచు కుంచెతో నేనే గోడల మీద వేసుకుంటూ పోయాను. మగవాళ్ళతో ఇబ్బంది లేదు. పేరు అడిగితే ఇంటిపేరు, తాతగారి పేరు, తాతగారికి పూర్వం ఎవరో ఇచ్చిన బిరుదు కూడా చెప్పారు. ఫారంలో గడి చాలలేదు.

ఆడవాళ్ళ దగ్గర రెండు చిక్కులు. ఒకటి, భర్త పేరు నోటితో అనకూడదు. రెండు, తన పేరు పరాయి మగాడికి చెప్పవలసిన అవసరం ఏనాడూ పడలేదు. మొదటిది తేలిగ్గా తేలేది.

“మీ ఇంటాయన పేరు చెప్పండమ్మా.”

“అయినవిల్లిలో ఉంటారు గదండీ, తొండం ఆయన. ఆయనేనండి.”

నేను నవ్వుకుని రాసుకునేవాణ్ణి.

“మరి మీ పేరండీ?”

“నా పేరెందుకండీ? ఆయన పేరు రాసేరు గదా. అందులోనే ఉన్నానండి నేను.”

కొన్నేళ్ళ తరువాత ఒక ఇంగ్లీషు న్యాయశాస్త్ర పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పెళ్ళి కాగానే భార్య మనిషితనం చట్టం దృష్టిలో భర్త మనిషితనంలో కలిసిపోతుందని వాళ్ళ దేశంలో పాత సిద్ధాంతం ఉండేదట. దాన్ని స్థిరపరచడానికి వాళ్ళకి ఎందరో న్యాయమూర్తులు, కొన్ని వందల ఏళ్ళు పట్టాయి. మా ఊళ్ళో ఆవిడ పొయ్యి ఊదుకుంటూ ఒక్క మాటలో చెప్పేసింది.

ముసలివాళ్ళది వేరే గోల. “పేరు రాసుకుని ఏం పట్టుకెళ్తారు బాబూ?” అనేవారు. యుద్ధం రోజుల్లో ఊళ్ళో పేర్లు రాసుకున్నప్పుడల్లా వెనకాలే గాదె ఖాళీ అయింది. ఇవ్వడానికి పేరడిగే సర్కారుని వాళ్ళు అంతవరకూ చూడలేదు. నేను ఏం చెప్పినా, చూడనిదాన్ని చూపించలేను గదా. ‘ఫలానావాడి తల్లి’ అని రాసి లేచి వచ్చేవాణ్ణి.

కాలువ అవతల పేటలో మాత్రం నా పని ఒక పూటలో అయిపోయింది. అక్కడి ఆడవాళ్ళు చేతిలో పని ఆపి, నిలబడి, అడగంగానే పేరు చెప్పారు. వాళ్ళకి పేరు కొత్త కాదు. ఊరంతా వాళ్ళని పేరు పెట్టే కేకేసేది. పదేళ్ళ కుర్రాడు కూడా అరవయ్యేళ్ళ మనిషిని ఏమే అని పేరుతో పిలిచేవాడు. కాలువకి ఇవతల ఆడవాళ్ళకి మర్యాద ఉంది, పేరు లేదు. అవతల పేరు ఉంది, మర్యాద లేదు. సర్కారు ఫారానికి కావలసింది పేరే కనక అది పేటవాళ్ళ పక్షాన నిలబడింది. కావాలని చేసిన పని అయి ఉండదు.

మొత్తం ఆడవాళ్ళు నాలుగు వందల ఇద్దరు. పేరుతో ఉన్నవాళ్ళు నూట డెబ్భై ఒక్కరు. వరసతో ఉన్నవాళ్ళు రెండు వందల ముప్ఫై ఒక్కరు.

ఆఖరున మా ఇల్లు. నా గీత రాసుకున్నాను. తరువాతి గీత దగ్గర కలం ఆగింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ చేతి అన్నం తింటున్నాను, ఆవిడ పేరు నాకు తెలీదు. ఆవిడని పేరుతో పిలవగలిగిన పెద్దవాళ్ళందరూ ఎప్పుడో పోయారు. మా నాన్న కూడా ఆవిడకి తమ్ముడే కనక అక్కయ్యా అనేవాడు. ఊరంతటికీ ఆవిడ అత్తయ్యగారే. పెంచినావిడ ఎదురుగా నిలబడి నీ పేరేమిటని అడగడం మా ఇళ్ళలో ఎంగిలిచేత్తో వడ్డించినంత తప్పు. ‘గణకుడి మేనత్త’ అని రాశాను. వయసు యాభై అయిదు అని ఉజ్జాయింపుగా వేశాను. నా దస్తూరీలో ఆ గీత చూడముచ్చటగా ఉందని కూడా అనుకున్నాను.

రాజ్యాంగం అమలులోకి వచ్చిన రోజున అమలాపురం నుంచి ఒక ప్లీడరుగారు మా ఊరు వచ్చారు. మా షావుకారు కొట్టు ముందరే సభ. కాయల రాశికి ఆనించి బల్ల వేశారు, ఆయన బల్ల ఎక్కారు. పుస్తకంలో మూడు వందల తొంభై అయిదు అధికరణలు, ఎనిమిది షెడ్యూళ్ళు ఉన్నాయన్నారు. ఆ అంకె వినగానే నాకు గౌరవం కలిగింది. ఇవాళ్టి నుంచి జమీందారుకీ ఒకటే ఓటు, జీతగాడికీ ఒకటే ఓటు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. షావుకారు అందరికన్నా గట్టిగా కొట్టారు.

సభ అయ్యాక మా మేనత్త కొంగు సర్దుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

“బాబూ, ఒక్క సందేహమండీ. మా షావుకారుగారికి కూడా ఒకటేనా?”

“ఒకటేనమ్మా.”

“నాకూ ఒకటేనా?”

“మీకూ ఒకటే.”

“కొసరు ఏమీ తియ్యరు గదండీ?”

ప్లీడరుగారికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు, ఆ ఏడు కాయలూ తీసే చెయ్యి నాదే కనక. ఆ రోజు నుంచీ ఆవిడకి ఓటు మీద ఆశ పట్టుకుంది. ఎవరిని గెలిపించాలన్నది ఆవిడ బాధ కాదు. జన్మలో ఒక్కసారి, ఒక్క వ్యవహారంలో, షావుకారుకి ఎంతో తనకీ అంతే కొలవడం కళ్ళారా చూడాలి. అంతే.

కొన్నాళ్ళకి పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఫలానావారి భార్య, తల్లి అన్న గీతలు చెల్లవు. ఇంకొక విడత తిరిగి సొంత పేర్లు రాయించాలి. పేరు చెప్పనివాళ్ళని కొట్టెయ్యాలి. న్యాయంగా చూస్తే ఆ ఉత్తరువు మంచిదే. ఆడదాన్ని ఆడదిగా, సొంత పేరుతో గుర్తించాలని దాని ఉద్దేశం. గుర్తించడం కుదరకపోతే తీసెయ్యాలని దాని ఏర్పాటు.

మళ్ళీ బయల్దేరాను. రెండు పూటలు తిరిగినా ఒక్క పేరూ రాలేదు. ఈలోగా కరణంగారి అరుగు మీద ఎవరో లెక్క తీశారు: ఇలాగే పోతే జాబితాలో పేట ఆడవాళ్ళే మిగులుతారు, కాలువకి ఇవతల ఓట్లు సగానికి పడిపోతాయి. మర్నాటి నుంచి మగవాళ్ళు నన్ను వెతుక్కుంటూ కొట్టుకే వచ్చారు. ఆడవాళ్ళ నోట రాని పేర్లు మొగుళ్ళ నోట గడగడా వచ్చాయి. ఒకాయన చీటీ మీద రాసుకొచ్చి, “మా ఆవిడకి చెప్పకండేం, ఆవిడకి సిగ్గు” అన్నాడు. అలా ఎనభై ఎనిమిది పేర్లు వచ్చాయి. మిగిలిన నూట నలభై ముగ్గురి కోసం ఎవరూ రాలేదు. వాళ్ళలో ఎక్కువమంది విధవలు, కొడుకులు పట్టించుకోని తల్లులు, ఓటు ఉంటే ఎవరికి వేస్తారో ఇంట్లో ఎవరికీ అక్కరలేనివాళ్ళు.

ఆ విడతలో నేను తిరగని ఇల్లు ఒకటుంది, మా ఇల్లు. గణకుడి ఇల్లు గణకుడు మళ్ళీ ఎందుకు చూసుకుంటాడు? పైగా రోజూ భోజనం దగ్గర, ఫలానావిడ పేరు చెప్పలేదు, ఫలానావిడ తలుపేసుకుంది అని నేను చెబుతుంటే ఆవిడ మజ్జిగ పోస్తూ నవ్వేది. “ఏం మనుషులురా! పేరు చెబితే అరిగిపోతుందా?” అనేది. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

అచ్చయిన జాబితా వచ్చింది. ఆడవాళ్ళ గీతలు రెండు వందల యాభై తొమ్మిది. నూట డెబ్భై ఒకటికి ఎనభై ఎనిమిది కలిపితే అంతే కావాలి. అణా పైసలతో సహా సరిపోయిందని సంతోషించి సంతకం పెట్టాను. నేను గీతలు లెక్కపెట్టాను, చదవలేదు.

యాభై రెండు జనవరిలో ఓట్లు. మా ఊరి బడిలో పెట్టెలు పెట్టారు. మనుషుల్ని ఆనవాలు పట్టడానికి కరణంగారు నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. మా మేనత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఆడవాళ్ళ వరసలో పదకొండో మనిషిగా నిలబడింది. మగవాళ్ళ వరసలో షావుకారు. ఆవిడ ఆయన వైపు చూసి, “ఏవండీ షావుకారుగారూ, ఇవాళ మీకూ నాకూ ఒకటేటండీ” అంది. ఆయన “ఆయ్, ఆయ్” అని నవ్వారు. వరసంతా నవ్వింది.

లోపల బల్ల దగ్గర ఉన్న ఉద్యోగి పైఊరి నుంచి వచ్చిన మాస్టారు. “పేరు చెప్పండమ్మా” అన్నారు.

ఆవిడ గొంతు సవరించుకుని, బడి బయటికి కూడా వినపడేటట్టు తన పేరు చెప్పింది. మా మేనత్త పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడు. ఆ పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాయనివాడికి, రాయనక్కర్లేని చోట రాసే హక్కు లేదు.

మాస్టారు వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికారు, కిందినుంచి పైకి వెతికారు. “ఆ పేరు లేదమ్మా.”

“ఉంటుందండీ. సరిగ్గా చూడండి. మా మేనల్లుడే రాసేడు. అదుగో, గుమ్మంలో ఉన్నాడు, వాణ్ణే అడగండి.”

అందరూ నా వైపు తిరిగారు. షావుకారు కూడా తిరిగారు. అచ్చుతోపాటు ఆఫీసు నుంచి తిరిగొచ్చిన నా పాత జాబితా వెంట తెచ్చుకున్నాను, మడత విప్పి చూశాను. మా ఇంటి నంబరు కింద, నా చూడముచ్చటైన దస్తూరీ మీద, ఎర్రసిరాతో ఒక అడ్డగీత ఉంది.

“గణకుడి మేనత్త అని ఉందండీ, అది...”

“అది నేనేనండి” అంది ఆవిడ మాస్టారుతో.

“కొట్టేసేరమ్మా మరి.”

ఒక అభ్యర్థి తరఫున అక్కడ కూర్చున్నది ఆనాడు బల్లెక్కి మాట్లాడిన ప్లీడరుగారే. ఆయన మంచివారు, ఊరడించాలని లేచి వచ్చారు. “మీరేం బెంగపడకండి పిన్నిగారూ. మీ హక్కు ఎక్కడికీ పోలేదు. రాజ్యాంగంలో భద్రంగా ఉంది. జాబితాలో మాత్రం లేదు, అంతే.”

“రాజ్యాంగంలో ఉందంటారా?”

“ఉందండీ.”

“అయితే ఆ పుస్తకం ఇలా తెప్పించండి బాబూ. అందులోంచే తీసుకుని పెట్టెలో వేసేసి ఎల్తాను. నాకేం పట్టింపు లేదు.”

ప్లీడరుగారు ఆడవారన్న కారణంతో ఎవరినీ జాబితా నుంచి తీసెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉందని, ఈవిడని తీసేసింది ఆడవారని కాదని, పేరు లేదని మాత్రమేనని వివరించారు.

“అలాగాండీ. మరి పేరు లేదని ఊళ్ళో మగాడెవణ్ణైనా తీసేసేరాండీ?”

“అబ్బే, మగవాళ్ళందరికీ పేర్లున్నాయండీ.”

“ఆయ్” అందావిడ. వేలికి సిరా పూసే సీసా వైపు ఒకసారి చూసి బయటికి వచ్చేసింది. షావుకారు ఓటు వేసి, నల్లమచ్చ వేలు ఆరబెట్టుకుంటూ వెళ్ళారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ మేకు దగ్గర నిలబడి తాడుకి ముడి వేస్తోంది.

“ఎవరి బాకీ అత్తయ్యా అది?” అన్నాను.

“నీదో, మీ సర్కారుదో, మీరూ మీరూ తేల్చుకోండి. నాకు రావాల్సింది మాత్రం ఉంది.”

ఆ స్థితిలో కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. “ఒకటి కాదత్తయ్యా, రెండు. పార్లమెంటుకొకటి, శాసనసభకొకటి. ఒకే రోజు రెండు పెట్టారు.”

“బతికించేవురా. లేకపోతే ఒకటి వదిలేసుకుందును” అని రెండో ముడి వేసింది.

అక్కడి నుంచి నా ఆరు ప్రయాణాలు మొదలు. మొదటి రెండూ ఆఫీసుకి. అభ్యంతరాల గడువు దాటిపోయిందని అక్కడి గుమాస్తా చెప్పాడు. గడువు ఉన్నన్నాళ్ళూ తప్పు జరిగినట్టు ఎవరికీ తెలీదు గదండీ అన్నాను. తెలిసిన తప్పులకే గడువు, తెలియనివాటికి గడువుతో పని లేదు అన్నాడు. ఆ వాక్యం నేను రాసుకుని ఇంటికి తెచ్చుకుని, నాలుగు రోజులు విప్పి చూశాను. ఏమీ లేదు. మూడోసారి గొడుగు అక్కడే మరిచిపోయాను. నాలుగోసారి గొడుగు గురించి అర్జీ ఇమ్మన్నారు.

అయిదోసారి ప్లీడరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. “ఎన్నికలు జరుగుతుండగా కోర్టు కలగజేసుకోదు. అయిపోయాక గెలిచినవాడి మీద పిటిషను వెయ్యాలి. వేస్తే, ఈ ఓటు పడకపోవడం వల్ల ఫలితం తారుమారైందని రుజువు చెయ్యాలి. గెలిచినాయనకి వేలల్లో మెజారిటీ ఉంది. మీ అత్తయ్యగారి ఓటు పడినా ఆయనే, పడకపోయినా ఆయనే. చట్టం దృష్టిలో నష్టం లేదు.”

“అయితే ఆవిడ ఓటు పోవడం వల్ల నష్టం లేదన్నమాట.”

“లేదు.”

“పక్కింటావిడది కూడా పోయిందండీ. ఆవిడ ఒక్కదానిదీ విడిగా చూస్తే?”

“దానివల్లా లేదు.”

“మా షావుకారు ఓటు వేశారు. అది తీసేసి చూస్తే?”

“దానివల్లా ఫలితం మారదు.”

“నా ఓటు?”

“మారదు.”

“ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా తీసి చూస్తే, పోతే నష్టం వచ్చే ఓటు ఒక్కటీ దొరకదండీ. అలా ఒకదాని తరువాత ఒకటి తీసుకుంటూ పోతే ఆఖరికి పెట్టె ఖాళీ అవుతుంది, ఎవరికీ నష్టం జరగలేదని మీరు రాసివ్వాలి. మరి గెలిచినాయన దేనితో గెలిచారండీ?”

ప్లీడరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నువ్వు లెక్క చెబుతున్నావు. నేను చట్టం చెబుతున్నాను” అన్నారు. ఆ రెండూ వేరని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు.

అయినా ఆయన పెద్దమనసుతో ఆ పుస్తకం నాకు నెలరోజులు ఎరువిచ్చారు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఎన్నికల భాగమంతా చదివాను. మూడు వందల ఇరవై అయిదో అధికరణలో మతం, జాతి, కులం, లింగం, వీటిలో ఏ కారణంతోనూ ఎవరినీ జాబితాకి దూరం చెయ్యకూడదని ఉంది. నాలుగు కారణాలు. మా అత్తయ్యని తోసేసిన కారణం ఆ నాలుగింటిలో లేదు, ప్లీడరుగారు చెప్పింది నిజమే. తరువాతి అధికరణలో ఇరవయ్యొక్క ఏళ్ళు నిండిన పౌరుడికి ఓటరుగా నమోదు అయ్యే హక్కు ఉందని ఉంది. నమోదు చేసేవాడి గురించి ఏమీ లేదు. పుస్తకమంతా తిరగేశాను. రాష్ట్రపతి అధికారం ఎంత, మంత్రి అధికారం ఎంత, కోర్టు అధికారం ఎంత అన్నీ ఉన్నాయి. జాజు డబ్బా పట్టుకుని వీధిలో తిరిగే కొట్టు గుమాస్తా అధికారం ఎంతో మాత్రం లేదు. లెక్కకి చూస్తే మా ఊళ్ళో వాళ్ళందరి అధికారాల కన్నా అదే పెద్దదిగా తేలింది. కొసరు సంగతి కూడా ఎక్కడా రాసి లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆరో ప్రయాణం పుస్తకం తిరిగి ఇవ్వడానికి.

జాబితా మళ్ళీ రాసినప్పుడు మొట్టమొదట మా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, మిగతా ఇళ్ళలో అడిగినట్టే, “పేరు చెప్పండమ్మా” అన్నాను. ఆవిడ పీట వేసి కూర్చోబెట్టి, పేరు చెప్పి, రాసింది రెండుసార్లు చదివించుకుంది. తక్కిన నూట నలభై ఇద్దరి ఇళ్ళకీ తిరిగాను. అప్పటికి పంతొమ్మిది మంది పోయారు. మిగిలినవాళ్ళలో నూట ఆరుగురు పేరు చెప్పారు, ఎక్కువమంది మా అత్తయ్య వెంట వచ్చి ఉంటేనే చెప్పారు. పదిహేడుగురు అప్పటికీ చెప్పలేదు.

ఇంతలో మా షావుకారు పంచాయతీకి నిలబడ్డారు. ఆ నెలలో ఆడవాళ్ళ కాయలకి కొసరు ఏడు నుంచి నాలుగుకి దిగింది. గెలిచిన మర్నాడు కొట్లో కాయలు లెక్కపెడుతుంటే, “ఏడే తియ్యవోయ్” అన్నారు. అంటే ఓటు వెల వందకి మూడు కాయలు, అదీ ఒక్క నెలకి. నేను నాలుగు తీసి ఆపేశాను. ఏమిటన్నారు. ఏడు ఏ పుస్తకంలో ఉందండీ అన్నాను. ఆయన నన్ను అప్పుడే తీసెయ్యలేదు. నాలా లెక్కపెట్టేవాడు దొరకడానికి రెండు నెలలు పట్టింది, అప్పుడు తీసేశారు. ఆ లెక్క ఇందులో కలపడం లేదు.

యాభై అయిదులో ఆంధ్ర రాష్ట్రం శాసనసభకి మళ్ళీ ఓట్లు. అదే బడి, అదే బల్ల, ఉద్యోగి మాత్రం కొత్తాయన. మా మేనత్త పేరు చెప్పింది. ఉంది. వేలికి సిరా పూశారు, కాగితం ఇచ్చారు. ఆవిడ కదల్లేదు.

“ఇంకా రెండు రావాలండీ” అంది.

“ఏం రెండమ్మా?”

“పాతవండి. పోయినసారివి. మా మేనల్లుడు లెక్క కట్టేడు, రెండూట.”

“అలా ఇవ్వకూడదమ్మా. మనిషికి ఒకటే ఓటు. అదీ రూలు.”

“నేనూ అదే అంటున్నానండీ బాబూ. మనిషికి ఒకటి అన్నారు. పోయినసారి ఇవ్వలేదు గదా. అప్పుడు నేను మనిషిని కానాండీ?”

వెనక వరసలోంచి ఒకావిడ, “నాకూ రెండు రావాలండీ” అంది. ఆ వెనకావిడ “నాకూనండి” అంది. ఆయన కంగారుపడి పోలీసు వైపు చూశారు. మా మేనత్తే వెనక్కి తిరిగి, “ఉండండర్రా. ఈయన కొత్తాయన. ఈయనిచ్చేది ఈయన ఇచ్చేడు. పాతవి మనం విడిగా అడుగుదాం” అని చెప్పి, తెర వెనక్కి వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేసిందని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

యాభై ఏడులో పార్లమెంటుకి వేసింది. అప్పుడూ అడిగింది. అప్పటి ఆయన, పాత ఓట్ల సంగతి తన పరిధిలోకి రాదని, అర్జీ పెట్టుకోమని అన్నారు. అర్జీ నేనే రాశాను. ఊళ్ళోవాళ్ళ మొత్తం మీద రావలసినవి రెండు వందల ఎనభై ఆరు, అందులో పోయినవాళ్ళవి ఇంక ఎవరూ పుచ్చుకోలేరు కనక వాటి సంగతి దేవరవారి చిత్తం అని రాశాను. అందినట్టు రసీదు వచ్చింది. రసీదులో అర్జీదారు పేరు దగ్గర నా పేరు రాసి, కింద ‘మరియు మేనత్త’ అని వేశారు.

ఆవిడకి చదివి వినిపించాను. “మళ్ళీ మొదటికొచ్చేమురా” అని నవ్వింది.

ఇప్పుడు ఆవిడకి అరవై అయిదు దాటాయి. చూపు తగ్గింది. షావుకారు కాయల బాకీలు, ఇరుగుపొరుగు బాకీలు అన్నీ తీర్చుకుని, తాడు మీద తక్కిన ముళ్ళన్నీ విప్పేసింది. నిన్న మధ్యాహ్నం మేకు మీంచి తాడు తీసి నా చేతికిచ్చి, “ఎన్నున్నాయో చూసి చెప్పరా, నాకు కనపట్టం లేదు” అంది. తనకి తెలియక కాదు. నా చేత చెప్పించాలని.

తాడు పొడవునా వేళ్ళతో తడుముతూ వెళ్ళాను. ఆవిడ నేర్పినట్టే పైకి లెక్కపెట్టాను.

లాభం.

రెండు.